మృతుడి ఫోటో

మా ఇంట్లో కుంకుమ వెండి భరిణెలో ఉండదు. బూడిదరంగు మూత ఉన్న నల్లటి ప్లాస్టిక్ డబ్బీలో ఉంటుంది. మొన్న మనవరాలు దాన్ని దేవుడి అలమరలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దేని డబ్బీ తాతా?" అని అడిగింది. ఫోటో రీలు డబ్బీ అన్నాను. రీలంటే ఏమిటంది. చెప్పబోయి ఆగిపోయాను. గోడ మీద పిల్లి కనిపిస్తే చాలు, అది దూకి పారిపోయేదాకా ఫోన్‌లో ఫోటోలు తీస్తూనే ఉంటుంది ఆ పిల్ల. ఒక్క ఫ్రేము మిగలనందుకు మనిషి ఎంత అల్లాడిపోతాడో ఆమెకు ఎట్లా చెప్పేది? అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాత నాకు ఆలస్యంగా వచ్చిన విద్య. ముద్దుగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాయగలను, అంతే.

ముప్పయి దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. అంతకు ముందు పుత్తూరులో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఫోటోలు కడిగే మందుల్లో డెవలపర్ సీసా ఏదో, ఫిక్సర్ సీసా ఏదో పేరు చదివి కాదు, వాసన చూసి చెప్పేవాణ్ణి. జలుబు చేసిన రోజు మా యజమాని నన్ను చీకటిగదిలోకి రానిచ్చేవాడు కాదు. నలుపు తెలుపు పెళ్లి ఫోటోల మీద రంగు అద్దడం నా ముఖ్యమైన పని. అప్పటికే కలర్ ఫోటోలు వచ్చేసినా, అంత ఖర్చు పెట్టలేని పల్లెటూరి వాళ్లు నలుపు తెలుపులో దిగి, పెళ్లికూతురి బొట్టుకు మాత్రం ఎరుపు అద్దించుకునేవాళ్లు. సన్నటి కుంచెతో ఒక చుక్క. అది పెట్టగానే అంతదాకా బొమ్మలా ఉన్న పిల్లకు ప్రాణం వచ్చినట్టు ఉండేది. అలా ఎన్ని నుదుళ్ల మీద పెట్టానో లెక్క లేదు.

తర్వాత మా ఊళ్లో రాత్రి బడి పెట్టారు. లాంతరు చుట్టూ పలకలు పట్టుకుని మాలాంటి మీసాలవాళ్లం కూర్చునేవాళ్లం. తప్పు రాస్తే పంతులమ్మ ఎర్ర సుద్దముక్కతో ఇంటూ గీత కొట్టేది. పెద్దవాడి పలక మీద కొట్టడానికి ఆ పిల్ల మొదట మొహమాటపడింది గానీ, తర్వాత బాగానే అలవాటైంది. పేపరు చదవడం వచ్చాక నాకు పేపర్లోనే పనిచేయాలని పిచ్చి పట్టింది. ఎవరి కాళ్లో పట్టుకుని తిరుపతిలో ఒక పత్రికాఫీసులో ట్రైనీ ఫొటోగ్రాఫర్‌గా చేరాను. జీతం లేదు. కొన్నాళ్లు చూస్తాం, పనికొస్తే ఉంచుకుంటాం అన్నారు.

నేను పనికొచ్చే సూచనలు ఏమీ కనిపించలేదు. ఎండిపోయిన చెరువు ఫోటో తెమ్మంటే, రైతులను పొడుగు వాళ్లు వెనక, పొట్టి వాళ్లు ముందు నిలబెట్టి, తువ్వాళ్లు సర్దించి తీసుకొచ్చాను. నాకంటే పదేళ్లు చిన్నవాడైన ఇన్‌ఛార్జి దాన్ని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, చెరువు ఎండిపోయిందా, వీళ్లింట్లో పెండ్లా?"

"నిలబెడితేనే కదా సార్ మొగాలు కనపడేది."

"చెరువేది?"

"వాళ్ల ఎనకాల ఉండాది సార్."

ఇలాంటివి ఇంకో రెండు మూడు జరిగాయి. ఆ వేసవిలో ఒక ఉదయం ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, వడమాలపేట దగ్గర పల్లెలో బావి లోతు చేస్తుంటే ఒడ్డు విరిగిపడి ఒక కూలీ చనిపోయాడని చెప్పాడు. "బావి తియ్, జనాన్ని తియ్. దాంతోపాటు మృతుడి ఫోటో కావాల. ఇంట్లో పాతది ఏదో ఒకటి ఉంటాది, అడిగి తీసుకురా. అది లేకుండా వచ్చినావంటే నేరుగా నీ స్టూడియోకే పో. నేనేమీ అనుకోను." స్టూడియోలో నా చోటికి అప్పటికే ఇంకొకడు వచ్చేశాడని ఆయనకు తెలియదు. ఇంట్లో నా పెళ్లానికి కూడా తెలియదు.

ట్రైనీలకు కొత్త రీలు ఇచ్చేవాళ్లు కాదు. పెద్ద చుట్టలోంచి మూరెడు కత్తిరించి, పాత గొట్టంలో చుట్టి, డబ్బీలో పెట్టి ఇచ్చేవాళ్లు. బావి దగ్గర ఆ మూరెడూ కరిగిపోయింది. విరిగిన ఒడ్డు, తాడు, తొంగిచూసే తలలు. ఎవర్నీ వరసలో నిలబెట్టలేదు. మొదటిసారి సరిగ్గా తీస్తున్నానన్న సంబరంలో చివరి ఫ్రేము కూడా నొక్కేశాను. ఆ తర్వాత ఇంటికి వెళ్లాను. పోలీసుల పని ముగిసి, శవాన్ని అప్పుడే తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. చావు ఇంట్లో ఫోటో అడగడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. చనిపోయినవాడి తమ్ముడిని పక్కకు పిలిచి అడిగాను. అతడు లోపలికి వెళ్లి వదినతో అన్నాడు. "పేపర్లో ఏస్తే పైన సర్కారోళ్లకు తెలుస్తుంది వదినా. ఇచ్చెయ్."

ఆమె ఫోటో తీసుకుని బయటికి వచ్చింది. మా వైపు మొగుడు పోయిన ఆడదానికి దినం దాకా, అంటే పెద్దకర్మ జరిగేదాకా, బొట్టు తీయరు. ఇంకా పెద్దగా, ఇంకా ఎర్రగా పెడతారు. ముఖం నిండా పసుపు, రూపాయి బిళ్లంత కుంకుమ, దాని కింద ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. ఫోటో వాళ్ల పెళ్లినాటిది. ఇద్దరూ కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నారు. నలుపు తెలుపు. పెళ్లికూతురి నుదుట ఒక్క ఎర్ర చుక్క.

"ఆయన మొగం ఉండేది దీంట్లో ఒక్కదాన్లోనే," అంది. "ఆయన్ని ఎత్తేలోగా నా చేతికి తెచ్చియ్యాల. ఆయనా పోయి ఇదీ పోతే నేను తట్టుకోలేనప్పా."

"పొద్దు గూకేలోగా తెస్తానమ్మా."

ఒక్క ఫ్రేము మిగిలి ఉంటే ఆ ఫోటోను అక్కడే గోడకు ఆనించి ఇంకో ఫోటో తీసుకుని, ఆమెది ఆమెకు ఇచ్చేసేవాణ్ణి. కెమెరా మీట మళ్లీ మళ్లీ లాగి చూశాను. రీలు బిగిసిపోయి ఉంది. ఫోటోను చొక్కా లోపల పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను.

ఆఫీసులో ఫోటో ఇన్‌ఛార్జి చేతికిచ్చి, "ఇది వెంటనే తిరిగి ఇయ్యాల సార్" అని చెప్పి, రీలు కడిగి ప్రింట్లు తీయడానికి చీకటిగదిలోకి వెళ్లాను. బావి ఫోటోలు బాగా వచ్చాయి. ఆ ఎర్ర వెలుతురులో నేను నవ్వుకున్నానని కూడా చెప్పాలి. బయటికి వచ్చేసరికి కంప్యూటర్లోకి ఎక్కించడం అయిపోయి, బల్ల మీద పెళ్లి ఫోటో ఉంది. మొగుడి ముఖం చుట్టూ ఎర్ర స్కెచ్చి పెన్నుతో గుండ్రటి గీత. పెళ్లాం ముఖం మీద, నుదుటి మీది నుంచి గడ్డం దాకా, ఇంటూ.

ఏది ఉంచాలో సున్నా, ఏది తీసేయాలో ఇంటూ. ఆఫీసు ప్రింట్ల మీద రోజూ చేసే పనే. చేతి అలవాటున దీని మీద కూడా గీసేశాడు. నేను చెప్పింది ఆయన చెవిన పడిందో లేదో.

"సార్, ఇది వాళ్లది సార్. ఒక్కటే ఉండాది."

ఆయన ఫోటో వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముఖం చిన్నబోయింది. "స్పిరిట్‌తో తుడువప్పా, పోతుంది," అన్నాడు. తర్వాత మెల్లగా, "బావి ఫోటో బాగుంది, రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్ని రోజులు కాచుకున్నానో, అది వచ్చినప్పుడు నా చెవులు పనిచేయలేదు.

దూది తడిపి తుడిచాను. సున్నా పోయింది. ఇంటూ కూడా మెల్లగా కరిగింది. దూది ఎర్రగా అయింది. ఇంకో దూది తీసుకున్నాను. అదీ ఎర్రగా అయింది. పెన్ను గీత పూర్తిగా పోయాక చూస్తే, పెళ్లికూతురి నుదుట చుక్క లేదు. స్టూడియో రంగు స్పిరిట్‌కు ఆగదని నాకు తెలుసు. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? గీత పోవాలి, గీత పోవాలి అనుకుంటూ తుడిచాను. బొట్టు ఉన్న సంగతే మరిచాను. అదే ఎర్ర పెన్నుతో చుక్క పెడదామని చేయి చాపాను గానీ, నిగారింపు పోయిన కాగితం మీద సిరా పెడితే ముక్కు దాకా పాకుతుంది. పెన్ను పక్కన పెట్టేశాను.

తిరిగి వెళ్తుంటే రేణిగుంట గేటు దగ్గర బస్సుకు గూడ్సు బండి అడ్డం పడింది. అది కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. పొద్దు దిగిపోతోంది. బస్సు దిగి, బండి ఆగినప్పుడు పెట్టెల సందులోంచి దూరి పట్టాలు దాటి అవతల లారీ ఎక్కాను. ఆమెకు ఏం చెప్పాలో దారంతా వెతుక్కున్నాను. తడిసిందని చెప్పాలా, వానా కాలమా ఇది? స్టూడియో వాడి తప్పు అనాలా? ఎర్ర గీతల సంగతి చెప్పాలా? ఒక్క మాటా కుదరలేదు. ఊళ్లోకి పరిగెత్తే సరికి పాడె కట్టేశారు. డప్పులు మోగుతున్నాయి. తమ్ముడు నన్ను చూసి, "ఇంతసేపు యాడికి పోయినావప్పా? నీకోసరమే ఎత్తకుండా ఉండాము" అన్నాడు.

ఆమె చేయి చాపింది. ఇచ్చాను. మొగుడి ముఖం ఉందా లేదా అని ముందు చూసుకుంది. ఉంది. తర్వాత తన ముఖం చూసుకుంది. డప్పుల మోతలో కూడా ఆమె మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"అప్పుడే తీసేసినారా నా బొట్టు? దానికింకా దినాలుండాయి కదప్పా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెమటకు తడిసిన తన నుదుటి మీద వేలు రాసి, ఆ కుంకుమను ఫోటోలో పెళ్లికూతురి నుదుట అద్దింది. కొంచెం పక్కకు పోయింది. గోటితో సరిచేసింది. ఫోటోను కొంగులో చుట్టుకుని, "ఇంక ఎత్తండి" అంది.

ఆ పత్రికలోనే చాలా ఏళ్లు పనిచేశాను. పాడె ఎత్తిన మరుసటి రోజు పేపర్లో చనిపోయినతని ముఖం బొటనవేలి గోరంత పడింది. పక్కన ఎవరూ లేరు. బావి దగ్గరికి తీసుకెళ్లిన రీలు డబ్బీనే ఇంట్లో కుంకుమకు పెట్టాను. ఎందుకో నా పెళ్లానికి ఎప్పుడూ చెప్పలేదు. దినం నాడు జరగాల్సినదాన్ని ఆఫీసులో మేమిద్దరం మగవాళ్లం కలిసి ఒక్క మధ్యాహ్నంలో ముందుకు లాక్కొచ్చాం. ఆమె దాన్ని ఒక వేలితో వెనక్కి నెట్టింది. ఎన్నో రోజులకు కాదు, దినం దాకానే. అయినా ఆ కొద్ది రోజులూ ఆమెవి.