అతని పేరుతో వెళ్లిన జవాబు

తిరుపతి నుంచి కాణిపాకం మీదుగా చిత్తూరు వెళ్లే బస్సులో పక్కసీటు యువకుడు తన ఫోను నా చేతిలో పెట్టాడు.

“నా మెయిలు దీంట్లో వచ్చేటట్టు చెయ్యన్నా. ఇన్నాళ్లూ మాయన్న అంగట్లో కంప్యూటర్లోనే వస్తా ఉండె. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినా. ఏమీ రాలేదంటాడు మాయన్న.”

పాస్‌వర్డ్ కొట్టగానే ఫోను బుద్ధిగా పాతవన్నీ దింపింది. రమ్మని కంపెనీ పంపిన పిలుపూ ఉంది, ఉద్యోగం అక్కర్లేదని అతని పేరుతో వెళ్లిన జవాబూ ఉంది. అతను రెండూ చదివాడు.

“మీ అన్న ఇంగ్లీషు బాగుందబ్బా,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అతను నవ్వలేదు. “ఫోన్లోంచి మెయిలు తీసెయ్యన్నా. రాత్రికి ఆయప్ప పక్కనే గదా కూర్చోని తినాల.”

నిజంగా తీసెయ్యాలా అని ఫోను అడిగింది. ఆ వ్యవహారంలో అతన్ని ఒక మాట అడిగింది అదొక్కటే. అవునని తనే నొక్కి, కాణిపాకంలో దిగిపోయాడు.