బడిలో పంచాయితీ

నా చిన్నప్పుడు బడి నుంచి ఇంటికి కబురొచ్చిందంటే ఎవరి తలో పగిలిందనే లెక్క. పలకతో పక్కవాడిని కొట్టినా, దారిలో ఎవరి చేలోనో దోసకాయలు తెంపినా, అప్పుడే సారు పెద్దవాళ్ళను పిలిపించేవాడు. ఊరికే వచ్చి కూర్చోండి, మీ పిల్ల ఎట్లా చదువుతోందో మాట్లాడుకుందాం అని పిలవడం జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఇప్పుడు నా మనవరాలి బడిలో మాటిమాటికీ పేరెంట్స్ మీటింగంటారు. మా కోడలు స్కూటీ మీద అట్లా వెళ్ళి ఇట్లా వచ్చేస్తుంది. మా ఇంటికి వచ్చిన మొట్టమొదటి మీటింగుకు మాత్రం నలుగురు పెద్దవాళ్ళు, ఒక చేతికర్ర, ఒక చంటివాడు కదిలారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

డెబ్బైల నాటి మాట. ఊరికి ఇంకా కరెంటు రాలేదు. బడి అంటే ఒక పెంకుల గది, ముందు వసారా, ఒకే ఒక్క సారు. ఐదో తరగతితో అక్కడి చదువు ఆఖరు. ఆ పైన చదవాలంటే జూలూరుపాడులో మా మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలుకు పోవాలి. మేనత్త ఎప్పుడో సిద్ధంగా ఉంది. నాకైతే నిద్రలో కూడా ఆ హైస్కూలు గంటే వినిపించేది. కాని మా నాయన ఒకే మాట మీద ఉన్నాడు. "సారు ఇది చదువుతదంటె పంపుత. లేకుంటె అమ్మతోటి మిరపచేనుకే." నా రాత మొత్తం సారు నోట్లో ఉందన్నమాట.

ఆ సారు నా గురించి ఏమంటాడో నాకు బాగా తెలుసు. అదే నా భయం.

పరీక్షలు నెల ఉన్నాయనగా సారు ఐదో తరగతి వాళ్ళందరినీ నిలబెట్టి, ఆదివారం పొద్దున మీ అమ్మానాన్నలను తీసుకురండి, మాట్లాడాలి అన్నాడు. నేను ఆ మాట ఇంట్లో చెప్పగానే నాయన చేతిలోని పలుపుతాడు కింద పడేశాడు. ఏం చేసి వచ్చావని అడిగాడు. ఏమీ చేయలేదన్నాను. ఏమీ చేయకుండా ఎందుకు పిలుస్తాడు, నిజం చెప్పమన్నాడు. అమ్మ మధ్యలోకొచ్చి, అందరినీ పిలిచాడట కదా అంది. అయితే అందరూ కలిసే ఏదో చేసి ఉంటారని నాయన తేల్చేశాడు. మా నాయనది మంచి మనసే గాని, ముందు కోపం వచ్చి తరువాత ఆలోచన వచ్చేది.

ఎవరైనా పిలిచారంటే ఒంటరిగా పోకూడదు, ఒక పెద్దమనిషిని వెంట పెట్టుకుని పోవాలి. మా ఊళ్ళో అదీ పద్ధతి. నాయన తిన్నగా పక్కింటి వడ్ల తాత దగ్గరికి పోయాడు. ఆయన నాగళ్ళు, బండ్లు చేసే వడ్రంగి. గట్టు తగాదాలకు, అన్నదమ్ముల పంపకాలకు ఊరంతా ఆయన్నే పిలుచుకునేది. మాట కరుకు, మనిషి వెన్న. నాయన చెప్పిందంతా విని, చెక్క చెక్కుతున్న బాడిస పక్కన పెట్టి, చేతికర్ర అందుకుని మా ఇంటికొచ్చాడు. సంగతి తెలిసి మా పెద్దనాయన కూడా వచ్చి చేరాడు. ఆయనకు పంచాయితీ అంటే పండగ.

తాత మంచం మీద కూర్చుని అన్న మొదటి మాటకే నాయన తెల్లబోయాడు. "సారు ఏమంటడో ఆదివారం ఇందాం. ముందుగాల మన పిల్ల ఏమంటదో ఇనాలె. మనోళ్ళని అడగకుండ అవతలోని దగ్గరికి పోతె, వాళ్ళు ఏది జెప్తె గదే నిజమైతది." ఏ పంచాయితీకి పోయేముందైనా ఆయన అదే చేసేవాడట. తన వైపు మనిషిని కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు రాబట్టేవాడు. కాకపోతే ఇన్నాళ్ళూ ఆ మనిషికి మీసాలుండేవి, ఇప్పుడు రెండు జడలున్నాయి. అంతే తేడా.

నన్ను ఎదురుగా పీట వేసుకుని కూర్చోమన్నాడు. నా ఒడిలో తమ్ముడు నిద్రపోతున్నాడు. వాడికప్పటికి నడక రాలేదు. మిగతావాళ్ళు నేను చెప్పడం అయ్యేదాకా నోరు తెరవకూడదని తాత ఆర్డరేశాడు. నన్ను తప్పేం చేశావని అడగలేదు. భయమా అని అడగలేదు.

"బిడ్డా, సారు నీ గురించి ఏం జెప్తడనుకుంటున్నవ్?" అన్నాడు.

నన్ను అప్పటిదాకా ఎవరూ అట్లాంటి మాట అడగలేదు. ఏమో అన్నాను. తాత లేవలేదు, ఇంకో ప్రశ్న వేయలేదు. నింపాదిగా చుట్ట వెలిగించుకున్నాడు. ఆ చుట్ట సగం అయ్యేసరికి నాకే ఆగబుద్ధి కాలేదు.

"నాకు నోరు లేదంటడు" అన్నాను.

అమ్మ పకపకా నవ్వింది. నవ్వదూ మరి. ఇంట్లో నా నోటికి మూతే ఉండదు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, బర్రె పాలు తీసే దగ్గర, ఆమె వెనకాలే తిరుగుతూ వాగేదాన్ని. తాత కర్రతో నేల మీద తట్టేసరికి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకట్లా అంటాడని తాత అడిగాడు. నేను బడిలో మాట్లాడనన్నాను. ఎందుకు మాట్లాడవన్నాడు.

"నేను మాట్లాడితె తమ్ముడు లేస్తడు" అన్నాను.

అమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. పొద్దు పొడవకముందే ఆమె మిరపకాయలు కోయడానికి పోయేది. పోతూ పోతూ వాణ్ణి నా చంకనేసి పోయేది. సాయంత్రం వచ్చాక కూడా చేతులు మంటలు పుడుతుంటే, మజ్జిగతో కడుక్కునేదాకా వాణ్ణి ముట్టుకునేది కాదు. కాబట్టి వాడు ఎప్పుడూ నా దగ్గరే. బడిలో తలుపు పక్కన కూర్చుని, వాణ్ణి ఒడిలో పడుకోబెట్టుకుని, సారు చెప్పేదంతా వినేదాన్ని. పలక పెట్టుకోవడానికి ఒడి ఖాళీ లేదు. సారు ప్రశ్న అడిగితే జవాబు గొంతు దాకా వచ్చేది, మింగేసేదాన్ని. పిల్లాడి ఏడుపు వినిపిస్తే ఇద్దరినీ ఇంటికి పంపేస్తానని సారు ఎప్పుడో ఒకసారి అన్నాడు మరి.

చదువు వస్తదా అన్నాడు తాత. నాకు రోషం పొడుచుకొచ్చింది. పదమూడో ఎక్కం అందుకున్నాను, ఊరి చివరిదాకా వినిపించేటట్టు. పదమూడు నాలుగ్ల దగ్గరికి వచ్చానో లేదో తమ్ముడు ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం తీశాడు. పెద్దనాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "సాక్షి గూడ చెప్పిండు" అన్నాడు.

ఇక ఆదివారం ఎవరు మాట్లాడాలన్నది తేలాలి. నాయన తనేనన్నాడు. సరే చూద్దామని తాత పెద్దనాయనను సారులాగా కూర్చోమన్నాడు. పెద్దనాయన రోలు బోర్లించి దాని మీద కూర్చుని, తువ్వాలు భుజాన సర్దుకుని, గొంతు సవరించి, ముందు ఒక బీడీ అడిగాడు. సార్లు బీడీ అడగరని అమ్మ అంది. అయితే ఈ సారు పని నా వల్ల కాదని ఆయన అలిగాడు. అందరం బతిమాలితే మళ్ళీ కూర్చుని, మీ పిల్ల వట్టి మొద్దు అన్నాడు. అంతే, నాయన నిజంగానే మీదికి లేచాడు. "గిందుకే నువ్వు మాట్లాడద్దనేది" అన్నాడు తాత. ఆ పని అమ్మకు పడింది. ఆమె ముఖమంతా కొంగులో దాచుకుని, సారు ముందా, నేనా, నా వల్ల కాదు అంది. పిల్ల సంగతి తెలిసింది నీకే, నువ్వుగాక ఇంకెవరు చెప్తారని తాత వినలేదు. ఎట్లా మాట్లాడాలో కూడా ఆయనే నేర్పాడు. ముందు సారును పూర్తిగా చెప్పనియ్యాలి. మధ్యలో అడ్డం పడొద్దు. పిల్లను అక్కడ తిట్టొద్దు, పొగడొద్దు, ఉన్నదే చెప్పాలి. మేమేం చేయాలి అని అడగాలి. ఏదో ఒకటి తేలకుండా లేవొద్దు. పిల్లను వెంట తీసుకుపోవాలి, ఎవరి పంచాయితో వాళ్ళు లేకుండా ఎట్లా అన్నాడు. అమ్మ ఆ వారమంతా మిరపచేలో కాయలు తెంపుతూ చెట్లతో రిహార్సల్ వేసుకుందట, తోటి కూలీలు చెప్పి చెప్పి నవ్వేవాళ్ళు.

ఆదివారం బడి ముందు చూస్తే వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చిన ఒకరిద్దరూ గోడవారన నిలబడి ఉన్నారు. మేమేమో ముందు తాత, చేతిలో కర్ర, వెనక నాయన, పెద్దనాయన, ఆ వెనక తమ్ముణ్ణి ఎత్తుకున్న అమ్మ, నేను. సారు కుర్రవాడు, ఆ ఏడాదే కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మమ్మల్ని చూసి గబుక్కున లేచి, తన కుర్చీ తాతకు వేశాడు. కొట్టడానికే వచ్చారనుకున్నానని తరువాత ఆయనే చెప్పాడు. తాత కర్ర గోడకు ఆనించి, "కొట్లాటకు రాలె సారూ. మీరు జెప్పుర్రి, మేమింటం" అన్నాడు.

సారు మెల్లగా మొదలుపెట్టాడు. అమ్మాయి రోజూ వస్తుందండీ, వంక పెట్టడానికి లేదు, కాని ఏడాదంతా ఒక్క మాట మాట్లాడలేదు, పిల్లాడిని ఆడించుకోవడానికే వస్తోందనుకున్నాను, ఆరో తరగతికి పంపితే కష్టపడుతుంది, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుదాం అన్నాడు. మా నాయన లెక్కలో ఇంకో ఏడాది అంటే మిరపచేనే. నాయన కదిలాడు. తాత ఆయన మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టాడు.

అమ్మ వారమంతా వల్లించిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. ముఖం మీది కొంగు తీసేసి, "సారూ, పిల్లకు చదువొస్తది. వీడు లేస్తడని నోరు తెరుస్తలేదు. వీణ్ణి దాని ఒళ్ళె ఏసింది నేనే" అంది. అని ఊరుకోలేదు. మజ్జిగతో కడిగినా ఎరుపు పోని చెయ్యి ముందుకు చాపి, "ఇప్పుడు మేమేం జెయ్యాలె, జెప్పుర్రి" అని అడిగింది. మా అమ్మ అంత అందంగా నాకు మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు.

"ఏడుపు వినిపిస్తే పంపేస్తానన్నది నేనేనమ్మా. ఒక్కసారి విసుగులో అన్నాను. ఏడాదంతా మోసింది పాపం" అన్నాడు సారు. తాత అప్పటికే వసారా పైకి చూస్తున్నాడు. వడ్రంగి గదా, ఏ ఇంటికి పోయినా కళ్ళు దూలాల మీదికే పోతాయి. "గట్టిగనే ఉన్నది. ఉయ్యాల కట్టినా ఆగుతది" అన్నాడు. పాత చీర నేనిస్తానంది అమ్మ. అక్కడికి తేలిపోయింది.

అప్పుడు సారు నన్ను పిలిచి పుస్తకం చేతికిచ్చాడు. తమ్ముడు అమ్మ భుజం మీద నిద్రలో ఉన్నాడు. నేను వాడి వైపే చూస్తూ గుసగుసగా మొదలుపెట్టాను. "వాడు లేస్తే లేవనీ. నువ్వు చదువు" అన్నాడు సారు. చదివాను. ఏడాదిగా మింగిందంతా కక్కినట్టు చదివాను. వాడు లేచాడు, ఏడ్చాడు, నేను ఆపలేదు. వాడికంటే గట్టిగా చదివాను. ఈ పిల్లను ఆపొద్దండీ, ఆరో తరగతికి పంపండి అన్నాడు సారు. నాయన గోడ వైపు తిరిగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడే ఉయ్యాల కట్టారు. దాని తాడు కిటికీలోంచి లోపలికి వచ్చేది. వాడు కదిలినప్పుడల్లా సారు ఒక చేత్తో తాడు లాగుతూ, రెండో చేత్తో బోర్డు మీద లెక్క చేసేవాడు. నేను ముందు వరసలో పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండాకాలం కాగానే జూలూరుపాడు హైస్కూలు గంట నా చెవులతో విన్నాను. మా తమ్ముడు ఇప్పుడు తాతయ్యాడు. తన చదువు ఉయ్యాల్లోనే మొదలైందని అందరికీ గొప్పలు పోతాడు.

ఆ తరువాత నా పిల్లల బడికి ఎన్నిసార్లు పోయానో, పోయేముందు వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని తాత అడిగిన మాటే అడిగేదాన్ని. మొన్న మీటింగుందని ఫోనులో మెసేజీ రాగానే మనవరాలిని కూడా అడిగాను. అదీ ఏమో అంది. ఏమో అన్నప్పుడు లేచిపోకూడదు. చుట్ట లేదు గనుక చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. కాసేపటికి, "క్లాసులో కిటికీ వైపే చూస్తానని టీచర్ చెప్తుంది నానమ్మా" అంది. కిటికీ అవతల ఏముందే అన్నాను. గోడ పక్కన కుక్క ఈనిందట. వానొస్తే పిల్లలు తడుస్తాయని చూస్తోందట. మా కోడలు ఆ మాట పట్టుకుని బడికి వెళ్ళింది, ఆ రోజు మాత్రం పది నిమిషాల్లో తిరిగిరాలేదు.

వడ్ల తాత ఏనాడో పోయాడు. ఆయన చేసిన బండ్లు కూడా ఊళ్ళో మిగల్లేదు. నాకు మాత్రం నోరు మెదపని పిల్ల ఎక్కడ కనబడినా, ముందు చూపు ఆ పిల్ల ఒడిలోకే పోతుంది.