డ్రమ్ముకి మూడు గుప్పిళ్లు

మా నాన్న ఉద్యోగం నీళ్లు కలపడం. చెబితే నవ్వుతారు గానీ, ఇనుము కరిగించే కార్ఖానాలో అదేమీ చిన్న పని కాదు. కొలిమి ముందు నిలబడ్డవాడికి చెమట ధారగా కారుతుంది. చొక్కా ఆరాక తెల్లటి ఉప్పు చారలు తేలతాయి. పోయిన ఉప్పు మళ్లీ ఒంట్లో పడాలని నాన్న డ్రమ్ముకి మూడు గుప్పిళ్ల ఉప్పు వేసి, కలిపి, అందరికీ చెంబుతో పోసేవాడు.

"ఏం ఉప్పన్నా, సముద్రం తోడుకొచ్చావా?" అని పనివాళ్లు ఏడిపించేవారు. ఇరవై ఏళ్లు ఆ మాటలేవీ ఆయన చెవిన పెట్టలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే నాన్నకి బీపీ వచ్చింది. ఉప్పు తగ్గించకపోతే ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. ఇంట్లో చప్పిడి తిండి మొదలైంది. అంతటితో ఊరుకుంటే ఆయన మా నాన్నెందుకవుతాడు? తనకి పడనిది పదిమందికీ ఎలా పోస్తానని మథనపడి, మూడు గుప్పిళ్లు రెండు చేశాడు, తర్వాత ఒకటి, ఆఖరికి పూర్తిగా మానేశాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. ఆ చాదస్తం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా బాబాయి ఆ కొలిమి దగ్గరే పనిచేసేవాడు. నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. ఒకరోజు మధ్యాహ్నం పిక్కలు పట్టేశాయన్నాడు, తలనొప్పన్నాడు, వాంతి చేసుకున్నాడు.

"వడదెబ్బరా, తాగు" అని నాన్న పక్కనే కూర్చుని చెంబు మీద చెంబు పట్టించాడు.

"చాలన్నయ్యా, ఇంక పట్టదు" అన్నా వినలేదు. సాయంత్రానికి బాబాయి అన్ననే పట్టుకుని నువ్వెవరని అడిగాడు. ఆసుపత్రికి చేర్చేసరికి ఫిట్స్ వచ్చాయి.

అక్కడి డాక్టరమ్మ మాకు ఓపిగ్గా చెప్పింది. "ఒంట్లో నీళ్లు మూడొంతులనుకుంటే రెండొంతులు కణాల లోపలుంటాయి, ఒక వంతు బయట. బయటి నీళ్లని బయటే పట్టి ఉంచేది ఉప్పు. ఈయనకి చెమటలో ఉప్పు పోయింది, పైన వట్టి నీళ్లు తాగారు. ఆ నీళ్లు కణాల్లోకి చొరబడి మెదడు వాచింది. పుర్రె సాగదు కదండీ."

ఉప్పు ఎక్కువున్న సెలైన్ ఎక్కించారు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు బాబాయి పోయాడు.

పిన్నికి నిజం చెప్పి తీరాలని వారం తర్వాత నాన్న నన్ను తోడు తీసుకుని వెళ్లాడు. ఏం చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నాడు. మమ్మల్ని చూడగానే పిన్ని గుమ్మంలోనే ఏడ్చేసింది.

"పక్కన కూర్చుని ఆయనకి నీళ్లు పట్టింది మీరేనట కదా, బావగారూ. దాహంతో పోలేదాయన. ఆ ఒక్క మాటే నన్ను నిలబెడుతోంది."



"అవునమ్మా" అన్నాడు నాన్న.

పక్కనే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు.