విమానాన్ని చూసి బయలుదేరిన సైకిలు

ముసురు పట్టిన ఆ ఆదివారం పొద్దున, ఆరేయడం మరిచిన తడి దుప్పటిలా ఆకాశం శంషాబాద్ మీదికి జారి ఉంది. సత్తయ్య అరుగు మీద గొంతుక్కూర్చుని గోడకు ఆనించిన తన సైకిలును చూస్తున్నాడు. సైకిలు కూడా అతన్నే చూస్తున్నట్టుంది. వెళ్ళాలా, మానాలా?

వెళ్ళాల్సిన పని చిన్నది కాదు. మధ్యాహ్నం షాద్‌నగర్ నుంచి వియ్యంకుడు బుచ్చయ్య భోజనానికి వస్తున్నాడు. కూతురు సరితను వాళ్ళింటికి ఇచ్చాక ఆయన ఈ గడప తొక్కడం ఇదే మొదలు. కోడికూర పొయ్యి మీద ఉడుకుతోంది. కల్లు మాత్రం లేదు. వియ్యంకుడికి కల్లు పోయని ఇల్లు ఇల్లే కాదని సత్తయ్య నమ్మకం. ఆ కల్లేమో కొత్వాల్‌గూడ అవతల ఈతవనంలో, రాజు గౌడ్ దగ్గర ఉంది. అక్కడికి పోయేది పొలంగట్టు బాట. ఆటో దిగబడుతుంది, సైకిలైతే పోతుంది.

మానాల్సిన కారణం ఇంకా పెద్దది. కిందటి వానాకాలం ఇదే సైకిలు మీంచి పడి చేతికి కట్టుతో దవాఖాన నుంచి వచ్చినప్పుడు, భార్య పోచమ్మ ఒక మాట అంది.

"ఇంకొక్కపారి పడ్డవనుకో, దీన్ని పాతినుప సామాన్ల ఏస్త. ఎల్లమ్మ తోడు."

ఎల్లమ్మ మీద ఒట్టు పెట్టి పోచమ్మ తప్పిన దాఖలా లేదు. అప్పట్నుంచి పాత ఇనుము కొనే మనిషి వీధిలోకి వచ్చినప్పుడల్లా, సంతలో ఎద్దును చూసినట్టు ఆ సైకిలును చూసి పోతున్నాడు.

సత్తయ్య జొన్నచేను ఇప్పుడు విమానాశ్రయం రన్‌వే కింద ఉంది. ఎడ్లు అంతకుముందే పోయాయి. మిగిలింది సైకిలే. దాని మీద కూర్చుంటే కాళ్ళ కింద నేల కదులుతుంది, కదిలే నేలంతా తనదే అనిపిస్తుంది. అలాంటి దాన్ని కాటా మీదికి ఎక్కించి ఎలా పంపుతాడు?

పక్కింటి వీరరాఘవులు గొడుగు వేసుకుని గోడ దగ్గరికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఊళ్ళోవాళ్ళ ప్రమాదాలన్నీ లెక్కగట్టి బీమా ఆఫీసులో రిటైరయ్యాడు. మబ్బు పడితే గొడుగు లేకుండా తన గేటు దాకా కూడా రాడు.

"సత్తయ్యగారూ, ఫోన్లో అరవై శాతం వాన చూపిస్తోందండీ. వెళ్ళకండి."

"అంటే నలభై నా దిక్కున్నట్టే కద సారూ."

"అలా కాదండీ. ప్రమాదం జరిగే అవకాశాన్ని, జరిగితే వచ్చే నష్టంతో గుణించి చూసుకోవాలి."

"నష్టమెంతనో మా ఇంటామె ఎప్పుడో గుణించి పెట్టింది సారూ."

లోపలి నుంచి గరిటె చప్పుడుతో పాటు పోచమ్మ గొంతు వచ్చింది. "పోనియ్యి సారూ, పోనియ్యి. ఇనుపాయన గుడ ఇయ్యాల్నే వస్తడట!"

సత్తయ్యకు ఫోను మీద నమ్మకం లేదు. అతనికో సొంత సూత్రం ఉంది. విమానం పోతే తనూ పోవచ్చు. అంత పెద్ద సామాను, కడుపు నిండా జనం, ముందూ వెనకా సోంచాయించకుండానే లేపుతారా? అవి మబ్బుల్లో గిరికీలు కొడుతుంటే మాత్రం ఇంటిపట్టున ఉండాలి. పైగా అవి దిగేది తన చేనులోనే, తనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కిందటేడు పడ్డాడంటే అది అడ్డమొచ్చిన బర్రె తప్పు, సూత్రానిది కాదు.

పొద్దుటి నుంచి మబ్బు వెనక ఉరుములాంటి మోతే తప్ప విమానం కనపడలేదు. అంతలో మబ్బు చిరిగింది. తెల్లటి పొట్ట ఒకటి ఇళ్ళ మీద బాగా కిందికి కనిపించి, ముక్కు పైకెత్తి, గాలిని చీల్చుకుంటూ మళ్ళీ మబ్బులోకి ఎక్కిపోయింది. కొంగ కాళ్ళలా దాని చక్రాలు కింద వేలాడుతున్నాయి.

"లేచింది! సూసిన్రా సారూ, లేచింది!"

"చక్రాలింకా బయటే ఉన్నాయి కదండీ?"

"జల్దిల ఉన్నదేమో. మనం గుడ చెప్పులు తొడుక్కుంటనే ఉరకమా?"

సత్తయ్య అప్పటికే పెడలు మీద కాలు వేశాడు.

పోయేటప్పుడు దారి మహా మంచిది. సన్నటి తుంపర ముఖం మీద జొన్నపొట్టులా రాలింది. తడిసిన గడ్డి మీద చక్రం ఎవరి చెవిలోనో రహస్యం చెబుతున్నట్టు సాగింది. ఈతవనంలో రాజు గౌడ్ తెల్లవారుజామునే దించిన కల్లు డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి, క్యారియరుకు కట్టాడు.

"చెట్టు మీద నన్ను మోకు పట్టుకుంటది. గీ వానల నిన్నేది పట్టుకుంటదే సత్తన్నా?"

"ఇమానమే లేచింది రా. నాకేమైతది?"

వచ్చేటప్పుడు అయింది. గట్టు మధ్యకు రాగానే గాలి పక్కనుంచి వచ్చి భుజాన్ని నెట్టింది, వాన దబదబ దంచింది, ముందు చక్రం తనకు తోచిన దారి చూసుకుంది. సత్తయ్య ఎడమవైపుకు ఒరిగాడు. చాలా రోజులకు కనపడ్డ చుట్టాన్ని కావలించుకున్నట్టు నేల అతన్ని మెత్తగా పట్టుకుంది. దెబ్బ తగల్లేదు. డబ్బా పగల్లేదు. చూసింది ఒక్క కొంగే. అది కూడా మర్యాదగా తల తిప్పుకుంది.

వాన వచ్చినట్టే ఉన్నట్టుండి వెలిసింది. సత్తయ్య తనను తాను చూసుకున్నాడు. భుజం నుంచి మడమ దాకా ఎడమ పక్కంతా ఎర్ర బురద, కుడి పక్క శుభ్రం. చిమ్మిన బురదైతే రెండు పక్కలా ఉంటుంది. ఒక పక్కే ఉందంటే పడ్డట్టే. పోచమ్మ కళ్ళకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అటూ ఇటూ చూశాడు. మెల్లగా కుడివైపుకు పడుకుని, పసిపిల్లాడిలా ఓ పొర్లు పొర్లాడు. సైకిలు కుడి పక్కకు కూడా నాలుగు గుప్పిళ్ళ బురద పూశాడు. తృప్తిగా ఇంటికి సాగాడు.

పోచమ్మ గడపలోనే ఉంది. "ఏందయ్యా గీ అవతారం?"

"తోవల లారీ బురద జల్లింది."

"పొలంగట్టు మీద లారీయా!"

ఆమె అతని చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఎడమ దిక్కు పడ్డవ్. సరే. మళ్ల కుడి దిక్కు గుడ పడ్డవా! ఒక్కపారి పడితెనే ఒట్టువెట్టిన, నువ్వు రెండుపార్లు పడొచ్చినవా!"

సత్తయ్య లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే సైకిలు పోతుంది. చెప్పకపోతే రెండింతలు పోతుంది.

"ఒక్కపారే పడ్డనే. రెండోది నేనే పొర్లిన."

పోచమ్మ అతన్ని చూసింది. సైకిలు కుడి పక్కన అచ్చుపడ్డ అతని వేళ్ళను చూసింది. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. అంతలో ఫోను మోగింది. అవతల బుచ్చయ్య.

"బావా, ఇయ్యాల రాలేం. గీ వానల ఎవడన్న బయటికెళ్తడా?"

సాయంత్రం వీరరాఘవులు కూతురు చిన్మయి విశాఖ నుంచి ఇల్లు చేరి, గోడ మీంచే చెప్పింది. "పొద్దున ఇక్కడ దిగబోయి గాలికి దిగలేక మళ్ళీ పైకి లేచిపోయిందండీ మా విమానం. చక్రాలు దించేశాక కూడా! ప్రాణం పోయిందనుకోండి. ఇంకెక్కడో దించి, ఇప్పటికి తెచ్చారు."

సత్తయ్య తల దించుకుని కల్లు గ్లాసు పూర్తి చేశాడు. వియ్యంకుడి వాటా కూడా.

ఇనుపాయన వచ్చాడు. ఒట్టు ఒట్టే. పోచమ్మ స్పానరు తెప్పించి వెనక మడ్‌గార్డు విప్పించి అతని బండిలో వేసింది. "సైకిల్‌ల ఇనుము ఇచ్చిన. ఎల్లమ్మకు దెలుసు. ఇగ బురద నిజంగ జల్లుతె నీ ఈపు మీద కనవడ్తది." తర్వాత సైకిలుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

మర్నాడు మళ్ళీ మబ్బే. సత్తయ్య సైకిలు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మబ్బు అంచున ఒక విమానం పైకి లేచింది.

"లేచింది, తాళంచెవి ఇయ్యే."

"ఆగు." వాకిట్లో పోచమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. "కాళ్లు మడుసుకోనీ."

విమానం ఒక్కో చక్రాన్నీ నెమ్మదిగా పొట్టలోకి ముడుచుకుంది. అప్పుడు ఆమె చెయ్యి బొడ్లోని తాళంచెవి మీదికి పోయింది.