ఊరికే వచ్చిన వకీలు

ఆ రోజుల్లో, హిందీ మాట్లాడే ఆ కార్ఖానా ఊళ్లో, మా భుయ్యాడీహ్ పేట తెలుగువాళ్ల లెక్కలో వకీలంటే గొంతు. గొంతు ఎంత పెద్దదైతే వకీలు అంత గొప్పవాడు. కోర్టువారు బీదవాళ్లకి ఊరికే ఇచ్చే వకీలుకి గొంతే ఉండదని మేం ముందే తీర్మానించుకున్నాం. పంతొమ్మిదో ఏట ఈ జ్ఞానంతో నాకు పని పడింది. కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరి ఆరు నెలలైనా కాలేదు, ఒక పొద్దున సిద్ధగోరా మలుపులో కానిస్టేబులు నన్నాపి, సైకిలు ఫ్రేము మీది నంబరు చూసి, ఇది దొంగ సైకిలన్నాడు. అది మా నాన్న రెండేళ్ల కిందట ఎవరి దగ్గరో, కాగితాలూ గట్రా లేకుండా కొన్నది. ఆయనే దొంగ సొత్తు కొన్నాడని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది. అందుకని నేను నోరు విప్పలేదు. జామీను ఇచ్చి తీసుకొచ్చిన నాన్న కూడా విప్పలేదు. నేరం రుజువైతే నా అప్రెంటిస్ పని పోతుందని ఇద్దరికీ తెలుసు.

మేజిస్ట్రేటు కోర్టు తరఫున వకీలును ఇస్తానన్నాడు. సొంతంగా పెట్టుకుంటామంటే వాయిదా నాటికి చెప్పమన్నాడు. బాగ్‌బేరాలో ఉండే మా మావయ్య (రైల్వేలో పని, అన్నీ తెలిసిన మనిషి) వెంటనే వచ్చి వాలాడు. "సర్కారోడు ఇచ్చిన వకీలు సర్కారు పక్కనే మాటాడతాడు గానీ మన పక్కన ఏల మాటాడతాడు బావా?" అన్నాడు.

మావయ్య నన్ను సాక్చీలో ఒక పేరున్న వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన మా కాగితాల మీద చాయ్ గ్లాసు పెట్టి, "ఆ రోజు నువ్వు ఊళ్లోనే లేవు. జ్వరంతో మీ అమ్మమ్మ ఇంట్లో ఉన్నావు" అన్నాడు హిందీలో, గోడలు అదిరేలా.

"ఏ రోజండీ?" అన్నాను.

"ఏ రోజైతే ఆ రోజు. మీ నాన్న సాక్ష్యం చెబుతాడు."

మావయ్య మురిసిపోయాడు. నాకు మాత్రం బోనులో నిలబడ్డ నాన్నని సైకిలు ఎక్కడ కొన్నావని అడుగుతున్నట్టు కనిపించింది. ఊరికే వచ్చే వకీలైతే ఎక్కువ అడగడులెమ్మని, కోర్టు వకీలే చాలన్నాను. మావయ్య రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

కోర్టు వకీలు బక్కపలచని కుర్రాడు, వేసుకున్న కోటు ఎవరిదో. మెల్లగా, కాగితాలన్నీ ఆఖరి దాకా చదివాడు. "ఈ సైకిల్ పోయింది నిన్ను పట్టుకున్న ముందురోజు సాయంత్రం. నువ్వెప్పట్నించి తొక్కుతున్నావు?"

"రెండేళ్ల నుంచి."

ఆయన కాగితం వైపూ నా వైపూ చూసి, "పద, సైకిల్ చూద్దాం" అన్నాడు. స్టేషను వెనక పెట్టిన సైకిలు బెల్లు నొక్కాడు. గణగణా మోగింది. "నీది ఇలాగే మోగేదా?"

మాది ఎప్పుడూ మోగింది లేదు. (ఆ పొద్దున దారిలో మోగితే, వానలు తగ్గాయి కాబట్టి బాగుపడిందనుకున్నాను.) అక్కణ్ణించి తిన్నగా కార్ఖానా గేటు స్టాండుకి వెళ్లాం. మా సైకిలు దుమ్ము కొట్టుకుని నేను పెట్టినచోటే ఉంది. రెండింటికీ ఒకే నలుపు, ఒకే రకం తాళం. నా తాళంచెవి రెండింటికీ పట్టింది. పట్టుబడ్డ ముందురోజు సాయంత్రం నేను తొక్కుకెళ్లింది పక్కనున్న సైకిలన్నమాట. ఫిర్యాదు చేసిన అవతలి సైకిలాయన, ఒడియా పెద్దమనిషి, సంగతి విని చాలాసేపు నవ్వి, మేజిస్ట్రేటు ముందు రాజీకి ఒప్పుకున్నాడు. కేసు కొట్టేశారు.

ఆ రోజు సైకిలు నడిపించుకుంటూ నాన్నా నేనూ ఇంటికి నడిచాం. "నానెక్కడో దొంగసరుకు కొన్నానని ఊరుకున్నావేట్రా?" అన్నాడు.

"నువ్వూ అదే అనుకున్నావు కదా."

కొంత దూరం పోయాక నాన్న హ్యాండిల్ నా చేతిలోంచి తీసుకుని తనే నడిపించాడు. తండ్రి కోసం జైలుకు పోవడానికి సిద్ధపడ్డ ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడికి తన సైకిలేదో తెలియదు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది.