ఫోను చదివిన పెండ్లి పత్రిక

మా బావ నా ల్యాప్‌టాప్‌ను మూడుసార్లు అవమానించాడు. మొదటిసారి వేలూరులో మా ఇంట్లోనే, నేనిచ్చిన కాఫీ తాగుతూ, "ఏమప్పా, దీన్ని ఇంకా పారెయ్యలేదా?" అన్నాడు. రెండోసారి కాట్పాడి స్టేషన్లో, రైలు కోసం నిలబడిన పదిమంది ముందు. ఆ రెండూ నేను మరిచిపోయానని ఆయన అనుకుంటున్నాడు.

ల్యాప్‌టాప్ పాతదే. దానిలో మొదట ఉన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మీద అప్‌డేట్ వేసుకుని, చివరికి ఈ యంత్రం తనకు సరిపోదని నాకే చెప్పింది. నా ఇంట్లో ఉంటూ నా వస్తువుకు వంక పెట్టడానికి అదెవరు? ఆ కోపంతో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. దాన్ని ఎవరైనా విప్పి చూడవచ్చు, బాగుచేసి పదిమందికి పంచవచ్చు. అందులోని తెలుగు అక్షరాలు కూడా ఎవరో పుణ్యాత్ములు ఊరికే తయారుచేసి ఇచ్చినవే. బావకు ఇదంతా అనుమానం. "ఊరికే ఇచ్చేవాడు లోపల వైరస్ పెట్టే ఇస్తాడు" అంటాడు. ఆయన ఫోను మాత్రం ఆయన ఏ టీ అంగట్లో కూర్చున్నాడో ఊరందరికీ చెబుతుంది. దానిమీద అనుమానం లేదు.

మా చుట్టాలందరూ తెలుగే మాట్లాడతారు. చదివేదీ రాసేదీ తమిళం. అయినా పెండ్లి పత్రికలో ఒక పక్క తెలుగులో ఉండాల్సిందే. మొదటి పత్రికకు పసుపు పూసి, రెండు వైపుల పెద్దల ముందు ఆ తెలుగును పైకి చదవాలి. అది చదవగలిగినవాణ్ణి మాలో నేనొక్కణ్ణే. ఇంట్లో నా మాట నడవదు, ఆఫీసులో అసలే నడవదు. ఆ ఐదు నిమిషాలు మాత్రం అందరూ నా నోటివైపు చూస్తారు.

అక్కాబావల కూతురు, అంటే నా మేనకోడలి పెండ్లికి తెలుగు పక్కను వారం రోజులు కూర్చుని టైపు చేశాను. ఫైలునూ ఆ అక్షరాల ఫాంటునూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి బావకిచ్చి, ప్రెస్సులో ఆ ఫాంటు వేసుకోకపోతే అక్షరాలు రావని రెండుసార్లు చెప్పాను. పీడీఎఫ్ చేసి ఇస్తే ఏ గొడవా ఉండదని మేనకోడలు అడిగింది. ఫాంటు వేసుకోవడం ప్రెస్సువాళ్లూ నేర్చుకోవాలని నేను ఇవ్వలేదు. అది నా తప్పని మా అక్క ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోలేదు.

పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ బావ అన్నాడు: "నీ డబ్బాకు శ్రమ ఇచ్చింది చాలప్పా. ఈసారి చదివేదానికి కూడా నువ్వు వద్దు. ఫోను పైన పట్టుకుంటే అదే చదువుతుంది."

ఇది మూడోసారి.

గుడియాత్తంలో అక్కవాళ్లింట్లో చాపలు పరిచారు. ఆర్కాడు నుంచి పెండ్లికొడుకువాళ్లు వచ్చారు. వాళ్ల అవ్వ అందరికంటే ముందు కూర్చుంది. నాకు చెప్పుల దగ్గర చోటిచ్చారు. బావ పసుపు పూసిన పత్రిక మీద ఫోను పట్టాడు. లోపలినుంచి ఒకామె చక్కటి గొంతుతో మొదలుపెట్టింది:

"జారులో సగానికి మించి వేయరాదు. తడి చేతులతో ప్లగ్గును ముట్టుకోరాదు. మూత బిగించిన తరువాతే మిక్సీ ఆన్ చేయండి."

అవ్వ మొదట తేరుకుంది.

"ఏందప్పా ఇది? కట్నంలో మిక్సీ మేము యాడ అడిగినాము? అడిగినామని పత్రికలో యేసినారా?"

"అయ్యో, లేదమ్మా..." అని బావ ఫోనును అటూ ఇటూ తిప్పాడు. అది మళ్లీ జారు దగ్గరనుంచి మొదలుపెట్టింది.

"పైకి లెయ్యండప్పా, పోదాం" అంది అవ్వ.

నేను వెళ్లి పత్రిక చూశాను. ఫోను అబద్ధం చెప్పలేదు. తర్వాత ప్రెస్సతను చెప్పాడు: బావ వైరస్ భయంతో ఫాంటు వేయనివ్వలేదు, నా అక్షరాలన్నీ ఖాళీ చదరపు డబ్బాలుగా వచ్చాయి. తెలుగు కనబడితే చాలు కదా అని అతను తన కొత్త మిక్సీతో వచ్చిన పుస్తకంలోని తెలుగు పేజీని స్కాన్ చేసి పెట్టాడు. బావ ప్రూఫు చూసి, అక్షరాలు గుండ్రంగా లక్షణంగా ఉన్నాయని మెచ్చుకుని సంతకం పెట్టాడు.

నా దగ్గర ఎన్నేళ్లుగానో సిద్ధంగా ఉన్న మాటలున్నాయి. కాట్పాడి స్టేషన్నుంచి మొదలుపెడదామని నోరు తెరిచాను. అక్క నా మోచేయి పట్టుకుంది.

"తమ్ముడా, పిల్ల లోపల ఏడస్తా ఉండాది. నువ్వు చదువు."

"ఫోన్లో ఏదో మిక్సీ ప్రకటన అడ్డం వచ్చింది అవ్వా" అన్నాను.

అందరూ వెంటనే నమ్మారు. "నాకూ అట్లే, దేవుని పాట పెడితే బనీను చూపిస్తాది" అన్నాడు ఒకాయన. అవ్వ మళ్లీ కూర్చుంది. నేను కళ్లజోడు పెట్టుకుని, మిక్సీ జాగ్రత్తలు చూస్తూ, వారం రోజులు టైపు చేసిన మాటలన్నీ ఒక్కటి వదలకుండా చదివాను.

"మనిషి చదివితే మనిషి చదివినట్లుండాది" అంది అవ్వ.

మళ్లీ అచ్చు వేయించడానికి వ్యవధి లేదు. తెలుగు చదివేది ఎవరికి వచ్చు, పంచేద్దాం అంది అక్క. అయితే ఎవరూ ఫోను పట్టకముందే ప్రతి ఇంటికీ నేనే వచ్చి చదువుతాను, బావే బండి నడపాలి అన్నాను. ఆయన బండి తాళాలు తీసుకున్నాడు.

నెమిలి అనే ఊళ్లో ఒక ఇంటి కోడలు పత్రిక అందుకుని, "మీకెందుకన్నా కష్టం? నా ఫోనే చదువుతాది" అంటూ ఫోను తీసింది.

బావ ఒక్క అడుగులో ఆమె ముందుకొచ్చి తాంబూలం పళ్లెం చాచాడు.

"ముందు ఇది తీసుకోమ్మా. రెండు చేతులా పట్టుకోవాల. ఆయన చదివి ముగించేదాకా దించకూడదు."

నేను ఎప్పటికంటే నిదానంగా చదివాను.