తడి వల

కోట ఊరు దాటి సముద్రం వైపు వెళ్తే నా రెండు రొయ్యల గుంటలు వస్తాయి. భార్య పోయాక ఊళ్లో ఇల్లు మూసేసి గుంట గట్టు మీది రేకుల షెడ్డులోనే ఉంటున్నాను. నీళ్లను చిలికే ఏరేటర్ల చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు. పక్క గుంట అతను ఒక్కడే రోజూ సాయంత్రం ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. నాకంటే పదేళ్లు చిన్న. వాన, రేటు, వాళ్ల పాప చదువు, ఏదో ఒకటి మాట్లాడి వెళ్లేవాడు. ఆ అరగంట కోసమే నేను గడ్డం గీసుకునేవాణ్ణి.

ఆ వేసవిలో నా విసురు వల చినిగిపోతే అతని వల అడిగి తెచ్చుకున్నాను. పొద్దున్నే విసిరి చూస్తే రొయ్యల తల పెంకు మీద తెల్లమచ్చలు. పంటంతా తుడిచిపెట్టే తెల్లమచ్చ జబ్బు. ఈ జబ్బు నీళ్లతో, పీతలతో, వలతో, మనిషి పాదాలతో కూడా పక్క గుంటకు పాకుతుంది. అందుకే కనపడగానే చుట్టుపక్కల వాళ్లకు చెప్పాలి. చెప్పిన రోజు నుంచి ఆ గట్టు ఎవరూ తొక్కరు. అక్కడి నుంచి కాకి లేచి వచ్చినా తరుముతారు.

చెబుదామనే అనుకున్నాను. సాయంత్రం టీ గుర్తొచ్చి ఆగిపోయాను.

అంతలో అతనే వచ్చాడు. "వల అయిపోయిందా అన్నా? నేనూ ఒకసారి చూసుకోవాల."

బ్లీచింగ్ నీళ్లలో ముంచి, బాగా ఎండబెట్టి ఇవ్వాల్సిన వల అది. ఆగమంటే ఎందుకని అడుగుతాడు. తడి వల అలాగే చేతికిచ్చాను.

వారం తిరక్కముందే అతని గుంటలో అంచు పొడుగునా నీరసించిన రొయ్యలు తేలాయి. నా జబ్బు కూడా అప్పుడే బయటపెట్టాను, ఇద్దరికీ ఒకేసారి వచ్చినట్టు. ఇద్దరి పంటా పోయింది. పీతలు మోసుకొచ్చి ఉంటాయని నేనే అన్నాను. ఆ మాట జబ్బుకన్నా త్వరగా ఊరంతా పాకింది. అందరూ గుంటల చుట్టూ పీతలు రాకుండా వలలు కట్టుకున్నారు. సిగ్గులేకుండా నేనూ కట్టాను.

అతను టీ తేవడం మాత్రం మానలేదు. పైగా నన్నే ఓదార్చేవాడు. పక్కన మనిషి ఉండగా అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం ఇక మోయలేక చెప్పేశాను. "అబ్బయా, పీతలు కాదు. ఆ రోజు వల తడిగా ఇచ్చినా. తెలిసే ఇచ్చినా."

అతను గ్లాసులో టీ నిదానంగా పూర్తి చేశాడు.

"తెలుసన్నా. నా రొయ్యల్ని చూసిన రోజే ఆ తడి వల గుర్తొచ్చింది. నువ్వే చెప్తావని రోజూ వస్తా ఉండినా."

"మరి ఒక్క మాటన్నా అడగలేదే?"

"అడిగితే నువ్వు చెప్పినట్టు కాదు గదన్నా."

ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. సాయంత్రమయ్యేసరికి నేను ఇప్పటికీ గట్టు వైపే చూస్తుంటాను. ఈ పంటలో నా గుంటకు ఏ జబ్బూ లేదు.